మా చేతిని ఊహించకండి, కొలవండి: యాక్షన్ గేమ్స్ డిజైనర్లకు బహిరంగ లేఖ

యాక్షన్ వీడియో గేమ్స్ తయారుచేస్తున్న డిజైనర్లకు, డైరెక్టర్లకు నమస్కారం.

క్యోటోలో, టోక్యోలో, అమెరికాలో కూర్చుని కంట్రోల్స్ ఎలా ఉండాలో తేల్చే పెద్దలకు ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాద్ స్టూడియోల్లో ఇప్పుడిప్పుడే గేమ్ డిజైన్‌లోకి వస్తున్న మన తెలుగు అమ్మాయిలు, అబ్బాయిలు కూడా దీన్ని తమకే రాసినట్టు చదవాలని నా కోరిక. రేపు ఒక పెద్ద ఆటలో కంట్రోల్స్ మెనూ రాసేది వాళ్లే కావచ్చు.

నా ఫిర్యాదు మోషన్ కంట్రోల్స్ మీద. కంట్రోలర్‌ని ఊపితే కత్తి దెబ్బ, విదిలిస్తే గెంతు, వంచితే డ్రాగన్ మలుపు. ఇలాంటి పద్ధతిని యాక్షన్ గేమ్‌లో పెట్టి, వేరే దారి లేకుండా చేయడం గురించి నేను మాట్లాడుతున్నాను. మోషన్ అంతా తీసి పారేయమని అడగడం లేదు. మోషన్‌లో రెండు రకాలున్నాయి. మా చేయి ఎంత కదిలిందో కొలిచి, అంతే కదలికను తెరమీద చూపించేది ఒకటి. మా చేయి ఏదో చేసింది, దాని అర్థం ఏమై ఉంటుందో ఆట ఊహించి, ముందే తయారుచేసి పెట్టుకున్న ఒక దెబ్బను ఆడించేది రెండోది. మొదటిది నాకు చాలా ఇష్టం. రెండోది యాక్షన్ గేమ్‌కు సరిపోదని 2006 నుంచి ఆట తర్వాత ఆట చూపిస్తూనే ఉంది. అయినా అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

2006 చివర్లో, ఊపి ఆడే రిమోట్‌ కంట్రోలర్‌తో నింటెండో వీ కన్సోల్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఎప్పుడూ కంట్రోలర్ ముట్టని అమ్మమ్మలు, తాతయ్యలు కూడా లేచి నిలబడి వీ స్పోర్ట్స్‌లో బౌలింగ్ ఆడారు. ఆ కన్సోల్ పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. కానీ వీ స్పోర్ట్స్ ఎందుకు పనిచేసిందో చూడండి. బౌలింగ్‌లో ఒక్కసారి చేయి ఊపితే చాలు, తర్వాత బంతి దొర్లుతుంటే చూస్తూ నిలబడొచ్చు. టెన్నిస్‌లో పరుగెత్తే పని ఆటే చూసుకుంటుంది, మన వంతు బ్యాట్ ఊపడమే. కొంచెం అటూ ఇటూ అయినా ఇంట్లోవాళ్లంతా నవ్వుకుంటారు. యాక్షన్ గేమ్‌లో అలా ఉండదు. పక్కకు తప్పుకోవాలి, కొట్టాలి, కాచుకోవాలి, కెమెరా తిప్పాలి, ఇవన్నీ ఒకే సెకనులో జరగాలి. ఇందులో ఒక్కటి ఆట తప్పుగా చదివినా ప్రాణం పోతుంది.

అదే ఏడాది వీకి వచ్చిన జెల్డా ఆట ట్విలైట్ ప్రిన్సెస్ చూడండి. జెల్డా ఆటల కథానాయకుడు లింక్ అంతకుముందు నుంచీ ఎడమచేతి వాటం మనిషి. రిమోట్‌ను ఎక్కువమంది కుడిచేత్తో పట్టుకుంటారు కాబట్టి వీ వెర్షన్‌లో అతన్ని కుడిచేతివాణ్ణి చేయాలనుకున్నారు, అందుకోసం ఆట ప్రపంచాన్ని మొత్తం అద్దంలో బొమ్మలా తిప్పేశారు. వీకి ముందు వచ్చిన నింటెండో కన్సోల్ గేమ్‌క్యూబ్ వెర్షన్‌లో తూర్పున ఉన్నది వీలో పడమరకు వెళ్లిపోయింది. ఇంత శ్రమపడి చివరికి ఇచ్చిందేమిటి? రిమోట్‌ను ఎటు ఊపినా వచ్చేది ఆట తనకు తానుగా ఎంచుకున్న దెబ్బే. పైకి ఊపామా, పక్కకు ఊపామా అన్నది కత్తికి తెలియదు. గేమ్‌క్యూబ్‌లో బొటనవేలితో నొక్కే బటన్‌కు బదులు ఇక్కడ మణికట్టు మొత్తం కదపాలి. పని అదే, కష్టం ఎక్కువ, నమ్మకం తక్కువ. ఆ తర్వాతి కొన్నేళ్లలో వచ్చిన ఎన్నో వీ ఆటలకు ఇదే నమూనా అయింది. న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీలో గిర్రున తిరుగుతూ ఎగరాలంటే రిమోట్ విదిలించాలి. డాంకీ కాంగ్ కంట్రీ రిటర్న్స్‌లో దొర్లడానికీ, నేలను చరచడానికీ అదే విదిలింపు. డాంకీ కాంగ్ లాంటి ఆటలో అంచు మీద నుంచి దొర్లి, గాల్లో దూకాలంటే సమయం వెంట్రుకవాసి తప్పకూడదు. అలాంటి చోట విదిలింపు పెట్టడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇది ప్రోగ్రామర్ల చేతగానితనం కాదని నాకు తెలుసు. సెన్సర్‌లోనే చిక్కుంది. మొదటి వీ రిమోట్‌లో ఉన్నది యాక్సిలరోమీటర్. వేగంలో వచ్చే మార్పునూ, భూమ్యాకర్షణనూ కలిపి కొలిచే చిన్న చిప్ అది. రిమోట్ కదలకుండా ఉన్నప్పుడు ఎటు వంగి ఉందో బాగానే చెప్తుంది, ఎందుకంటే అప్పుడు దానికి తగిలేది భూమ్యాకర్షణ ఒక్కటే. చేయి విసురుగా తిప్పిన క్షణంలో మాత్రం రెండూ కలిసిపోతాయి, ఏది ఏదో విడదీయడం కుదరదు. చేయి ఎక్కడుందో లెక్క కట్టాలంటే ఆ అంకెలను ఒకసారి కూడి వేగం తెలుసుకోవాలి, మళ్లీ కూడి దూరం తెలుసుకోవాలి. ప్రతి చిన్న తప్పూ పేరుకుపోయి కొద్ది క్షణాల్లోనే లెక్క ఎక్కడికో వెళ్లిపోతుంది. అందుకే ఆ ఆటలు చేయి ఎక్కడుందో కనుక్కునే ప్రయత్నమే మానేసి, 'గట్టిగా ఊపాడా లేదా' అన్నంతవరకే చూసుకున్నాయి.

అదే రిమోట్ ముందు భాగంలో ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉంది. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ నిజానికి దేన్నీ పసిగట్టదు, దాని రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి, అంతే. ఆ దీపాలను రిమోట్‌లోని కెమెరా చూసి తెరమీద ఎక్కడికి గురిపెట్టామో లెక్క కడుతుంది. ఇది కొలత. అందుకే గురిపెట్టే పని ఆ రిమోట్‌తో అంత బాగా కుదిరింది. 2007లో వీకి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4, అదే ఏడాది వచ్చిన మెట్రాయిడ్ ప్రైమ్ 3 ఆడినవాళ్లకు ఈ తేడా చేతికే తెలుస్తుంది. స్టిక్‌తో మెల్లగా జరుపుకుంటూ పోవాల్సిన గురి, వీ రిమోట్‌తో చూపు ఎక్కడుంటే అక్కడికి వెళ్లింది. ఒకే యంత్రంలో ఒక సెన్సర్ కొలిచింది, ఇంకోదాని మీద ఆధారపడి ఆట ఊహించింది. ఫలితాల్లో ఎంత తేడా ఉందో మొదటి ఏడాదిలోనే మీ కళ్ల ముందు ఉంది.

2009లో మోషన్ ప్లస్ పేరుతో జైరోస్కోప్ వచ్చింది. రిమోట్ ఎంత వేగంగా తిరుగుతోందో అది నేరుగా కొలుస్తుంది. ఇక కత్తి అంటే కత్తే అనుకున్నాం. రెండేళ్ల తర్వాత, 2011 నవంబర్‌లో, దాని మీదే పూర్తిగా నిలబడిన జెల్డా ఆట వచ్చింది. దాని పేరు స్కైవర్డ్ స్వోర్డ్. ఈ ఉత్తరంలో దాని గురించి ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మోషన్‌తో కత్తి పోరాటం సాధ్యమని నిరూపించడానికి అంతకంటే నిజాయితీగా శ్రమించిన ఆటను నేను చూడలేదు.

ఆ ఆటలో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా, ఎనిమిది వైపులకు నరకొచ్చు, పొడవొచ్చు. శత్రువులను కూడా దానికి తగ్గట్టే తయారుచేశారు. డెకూ బాబా అనే మాంసాహార మొక్క ఒకసారి నోరు నిలువుగా తెరుస్తుంది, ఇంకోసారి అడ్డంగా తెరుస్తుంది. ఎటు తెరిస్తే అటే నరకాలి. బోకోబ్లిన్‌లు అనే శత్రువులు మన కత్తి ఎటుందో చూసి అటు కాచుకుంటాయి, కాబట్టి రెండో వైపు నుంచి కొట్టాలి. బటన్ పదేపదే నొక్కేసి గెలిచే పోరాటాన్ని ఆలోచించి ఆడే పోరాటంగా మార్చాలన్న తపన అడుగడుగునా కనిపిస్తుంది. దానికి నా గౌరవం ఎప్పటికీ ఉంటుంది.

కానీ చేయి ఎలా పనిచేస్తుందో చూడండి. ఎడమ నుంచి కుడికి గట్టిగా నరకాలంటే ముందు చేయి ఎడమవైపు వెళ్లాలి. దెబ్బకు ముందు వెనక్కి లాగడం మనిషి శరీరానికి సహజం. ఆ వెనక్కి లాగడం కూడా జైరోకి ఒక కదలికే. అది కాస్త వేగంగా ఉందంటే ఆట దాన్నే దెబ్బగా లెక్కగడుతుంది. మనం కొట్టాలనుకున్నది కుడికి, లింక్ కొట్టింది ఎడమకి, అక్కడ బోకోబ్లిన్ కాచుకునే ఉంది. దెబ్బ వేశాక చేయి మళ్లీ మధ్యకు తెచ్చుకునేటప్పుడూ ఇదే గొడవ. దీన్నుంచి తప్పించుకోవడానికి ఆటగాడు మెల్లగా చేయి సిద్ధం చేసుకుని, ఒక్కసారిగా విదిలించి, మళ్లీ మెల్లగా మధ్యకు రావడం అలవాటు చేసుకుంటాడు. తన చేతికి సహజమైన కదలికను వదిలేసి, సెన్సర్ పొరబడని కదలికను నేర్చుకుంటాడు. బటన్ కంటే ఇది సహజమైన పద్ధతి అని చెప్పి అమ్మిన ఆటలో ఇలా జరగడం నాకు బాధగా ఉంటుంది.

ఆ ఆటలోని ప్రతినాయకుడు గిరాహిమ్‌తో మొదటి పోరాటం సంగతి చెప్పాలి. అతను మన కత్తి ఎటు తిరిగితే అటు చేయి తిప్పుతూ నడిచి వస్తాడు, కొడితే వేళ్లతో కత్తిని పట్టేసుకుంటాడు. ఒక వైపు ఉంచి మోసపుచ్చి, చటుక్కున మరో వైపు నుంచి కొట్టాలి. కాగితం మీద ఇది అద్భుతమైన ఆలోచన. తెర ముందు నిలబడితే, ఆ చటుక్కున మారే క్షణమే సెన్సర్ ఎక్కువగా తడబడే క్షణం. వైపు మార్చడమే దెబ్బ అనుకుని ఆట కత్తి ఊపేస్తుంది, గిరాహిమ్ పట్టేసుకుంటాడు. ఓడినప్పుడు 'నేను తొందరపడ్డాను' అని ఆటగాడికి తెలియాలి. ఇక్కడ తన తప్పో యంత్రం తప్పో తేల్చుకోలేడు. యాక్షన్ గేమ్‌లో దీనికంటే పెద్ద లోపం లేదని నేను అనుకుంటాను. ఓటమికి కారణం తెలిస్తేనే మళ్లీ ఆడాలన్న పట్టుదల పుడుతుంది.

పైగా జైరోకి జారిపోయే గుణం ఉంది. తిరిగే వేగాన్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది, కూడికలో చిన్న తప్పులూ పేరుకుంటాయి. పైకీ కిందికీ వంగినదాన్ని భూమ్యాకర్షణతో పోల్చి సరిచేసుకోవచ్చు. ఎడమకూ కుడికీ తిరిగినదాన్ని సరిచేయడానికి అలాంటి ఆధారం ఏదీ లేదు. స్కైవర్డ్ స్వోర్డ్‌లో గురిపెట్టే పనికి కూడా ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకు బదులు జైరోనే వాడారు, కాబట్టి ఆడుతూ ఆడుతూ ఉండగా గురి పక్కకు జరిగిపోయేది, మళ్లీ మధ్యకు తెచ్చుకోవాల్సి వచ్చేది. బాస్, అంటే ఆ ఘట్టంలోని పెద్ద శత్రువు, మీదికి వస్తుంటే రిమోట్‌ను తెర మధ్యకు చూపించి బటన్ నొక్కి సరిచేసుకోవడం టెన్షన్ పెంచుతుంది తప్ప ఆటలో సరదాను పెంచదు.

సమయం లెక్క ఇంకోటి. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నొక్కగానే నొక్కినట్టు ఆటకు తెలుస్తుంది, అందులో అనుమానానికి చోటు లేదు. ఊపితే అలా కుదరదు. కదలిక మొదలవ్వాలి, కొంత వేగం అందుకోవాలి, ఎటు పోతుందో తేలాలి, అప్పుడుగానీ ఆట ఒక నిర్ణయానికి రాలేదు. త్వరగా నిర్ణయిస్తే తప్పు వైపు దెబ్బ పడుతుంది, ఆగి నిర్ణయిస్తే ఆలస్యం అవుతుంది. ఎంత మంచి ప్రోగ్రామర్ అయినా ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే.

2004లో అమెరికాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ గేమ్స్ పోటీలో డైగో ఉమెహారా ఆడిన ఆ కొద్ది సెకన్లు యాక్షన్ గేమ్స్ అభిమానులందరికీ తెలుసు. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్‌లో డైగో ఆడుతున్న కెన్ అనే పాత్రకు ప్రాణం కొన ఊపిరి మీద ఉంది. మామూలుగా కాచుకున్నా ఆ కాస్తా పోతుంది. జస్టిన్ వాంగ్ ఆడుతున్న చున్-లీ సూపర్ అనే 15 దెబ్బల ప్రత్యేక దాడి వేసింది. దెబ్బ తగిలే క్షణంలోనే స్టిక్‌ను ముందుకు తడితే ఆ దెబ్బ పోతుంది. దీన్నే ప్యారీ అంటారు. డైగో అలా 15 దెబ్బలనూ ఒక్కొక్కటిగా ప్యారీ చేసి, ఆపైన తిరిగి కొట్టి గెలిచాడు. హాల్లో జనం లేచి అరిచిన అరుపులు ఇప్పటికీ ఆ వీడియోలో వినబడతాయి. అది మనిషి ఆలోచనకూ తెరకూ మధ్య అడ్డేమీ లేకపోవడం వల్ల సాధ్యమైంది. మీ ఆటలో అలాంటి క్షణం పుట్టే అవకాశం ఉండాలంటే, ఆటగాడు అడిగింది అడిగినట్టు జరగాలి.

ఇంకో సంగతి ఉంది, సెన్సర్ ఎంత బాగుపడినా తీరనిది. మన ఊళ్లలో కర్రసాము చేసేవాళ్లను చూడండి. కర్ర కర్రకు తగలగానే ఆ అదురు మోచేతిదాకా వస్తుంది. ఎదుటివాడు ఎంత గట్టిగా ఆపాడో, కర్ర ఎటు జారిందో, తర్వాతి దెబ్బ ఎటు తిప్పాలో కన్ను చూసేలోపే చేతికి తెలిసిపోతుంది. సాములో సగం తెలివి ఆ బరువులో, ఆ అదురులో ఉంటుంది. తెరమీద లింక్ కత్తి డాలుకు తగిలి ఆగిపోతుంది, నా చేయి మాత్రం గాల్లో సాగిపోతూనే ఉంటుంది. ఆ క్షణం నుంచి నా చేయి ఒకచోట, కత్తి మరోచోట. గిరాహిమ్ వేళ్లతో పట్టుకున్నది కత్తిని, నా చేతిని ఎవరూ పట్టుకోలేదు. కంట్రోలర్ కాస్త వణికినంత మాత్రాన ఆ లోటు పూడదు. బటన్‌తో ఆడేటప్పుడు ఈ ఇబ్బందే రాదు, ఎందుకంటే బటన్ తాను కత్తినని చెప్పుకోదు. బొటనవేలు ఒక ఆజ్ఞ ఇస్తుంది, మిగతాది తెరమీద బొమ్మ చేస్తుంది. ఆ దెబ్బలో బరువు యానిమేషన్‌లోంచి, శబ్దంలోంచి, ఒక్క క్షణం ఆగినట్టు చూపించే ఆ చిన్న మెలకువలోంచి వస్తుంది. ఆ విద్యలో మీరు ఎప్పుడో ఆరితేరారు.

వర్చువల్ రియాలిటీలో బీట్ సేబర్ అంత హాయిగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ కంట్రోలర్లు ఎక్కడున్నాయో నిజంగా కొలుస్తారు. కత్తి తగిలే పెట్టెలు చేతికి అడ్డుపడాల్సినవి కావు, కత్తి వాటిలోంచి దూసుకుపోతుంది, చేయి కూడా దానితోపాటే పోతుంది. చేతికీ తెరకూ ఎక్కడా తేడా రాకుండా ఆట మొత్తాన్ని అల్లుకున్నారు. మోషన్‌తోనే ఆట చేయాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సింది దాని దగ్గరే.

నింటెండో ఒక్కదాన్నే అంటున్నానని అనుకోవద్దు. ప్లేస్టేషన్ 3కి 2007లో వచ్చిన లేర్ అనే ఆటలో డ్రాగన్‌ను నడపాలంటే సిక్సాక్సిస్ కంట్రోలర్‌ను వంచడం తప్ప మార్గం లేదు. విమర్శలు వెల్లువెత్తాక 2008లో అప్‌డేట్ ఇచ్చి స్టిక్‌తో నడిపే వీలు కల్పించారు. మొదటి అన్‌చార్టెడ్‌లో దుంగ మీద నడిచేటప్పుడు కంట్రోలర్ వంచుతూ బ్యాలెన్స్ చేసుకోవాలి, గ్రెనేడ్ ఎంత దూరం పడాలన్నదీ వంచే చెప్పాలి. ఆ సిరీస్ గొప్పదవడానికీ, ఈ వంపులకూ ఏ సంబంధమూ లేదు.

మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ సంగతి ఇంకా బాధాకరం. 2010 నవంబర్‌లో వచ్చిన ఆ కెమెరా చేతిలో ఏమీ లేకుండానే శరీరం మొత్తాన్ని చదివింది. సాంకేతికంగా అదొక అద్భుతం. కానీ సెకనుకు 30 బొమ్మలే తీసేది, ఆ బొమ్మల్లోంచి చేతులూ కాళ్లూ పోల్చుకోవడానికి ఇంకొంత సమయం పట్టేది. డాన్స్ ఆటకు అది చాలు. పోరాటానికి చాలదు. స్టీల్ బెటాలియన్ అనే ఆట 2002లో మొదట వచ్చినప్పుడు దాదాపు 40 బటన్లు, రెండు స్టిక్‌లు, మూడు పెడళ్లు ఉన్న భారీ కంట్రోలర్‌తో వచ్చింది. ఒక్కో మీటకూ ఒక్కో పని, నిజంగా యుద్ధయంత్రంలో కూర్చున్నట్టు ఉండేది. 2012లో దాని తర్వాతి ఆట, హెవీ ఆర్మర్, ఆ మీటల్లో చాలావాటిని తీసేసి గాల్లో చేతులు చాపమంది. కిటికీ మూయాలని చేయి చాపితే ఇంకేదో కదిలేది. విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. మొదటి ఆటకు ప్రాణం పోసిందే చేతికి తగిలే ఆ మీటలు. వాటినే తీసేశాక ఏం మిగులుతుంది? కైనెక్ట్‌ను 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో తప్పనిసరిగా అంటగట్టారు, 2014లో విడదీసి అమ్మారు, 2017లో తయారీ ఆపేశారు.

ఇప్పటిదాకా చెప్పింది ఆట గురించి. ఇక మనుషుల గురించి చెప్పాలి, నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. మా అక్క ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు టైపింగ్ పనిచేసి మణికట్టు నొప్పి తెచ్చుకుంది. ఒళ్లో కంట్రోలర్ పెట్టుకుని బటన్లతో గంటసేపు హాయిగా ఆడగలదు. విదిలించే ఆట అయితే మొదటి గుహ దాటకముందే పక్కన పెట్టేయాలి. ఆమెకు ఆ ఆట రాక కాదు, తెలివి తక్కువై కాదు. మీరు ఆ తలుపుకు తన చేతికి సరిపడని తాళం వేశారు. చేతులు వణికేవాళ్లు, ఒక చేయి సరిగా ఆడనివాళ్లు, చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్లు, ఆపరేషన్ అయ్యి మంచం మీద ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారు! బటన్‌ను ఇంకో బటన్‌కు మార్చుకోవచ్చు, పాదంతో నొక్కే పెడల్‌గా మార్చుకోవచ్చు. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్, 2023 చివర్లో సోనీ తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్ ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి. విదిలింపును దేనికి మారుస్తారు? ఆటలో దానికి బటన్ దారి లేకపోతే ఆ పరికరాలన్నీ ఉండీ ఉపయోగం లేదు.

ఇళ్ల సంగతీ ఆలోచించండి. వీ వచ్చిన నెలలోనే రిమోట్లు చేతుల్లోంచి జారి టీవీలకు తగులుతుంటే, 2006 డిసెంబర్‌లో చేతి తాళ్లు 32 లక్షలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాతి ఏడాది రిమోట్‌కు సిలికాన్ తొడుగు కూడా ఇచ్చారు. చిన్న హాలు, మధ్యలో దివాన్, పక్కనే ఫ్యాన్ కింద చదువుకుంటున్న పిల్లలు ఉండే ఇళ్లలో కత్తి తిప్పేంత చోటు ఎక్కడిది? రాత్రి అందరూ పడుకున్నాక చప్పుడు లేకుండా ఆడుకునేవాళ్ల మాటేమిటి? బస్సులో కిటికీ పక్కన కూర్చుని నింటెండో స్విచ్ కన్సోల్‌ను చేతుల్లో పట్టుకుని ఆడేవాళ్ల మాటేమిటి? 2017లో వచ్చిన సూపర్ మారియో ఒడిస్సీ నాకు ప్రాణమంత ఇష్టమైన ఆట. అందులో టోపీని పైకి విసరాలన్నా, విసిరిన టోపీని శత్రువు వైపు మళ్లించాలన్నా ఊపడమే మార్గం. స్విచ్‌కు రెండు వైపులా ఉండే చిన్న కంట్రోలర్లను, అంటే జాయ్-కాన్‌లను, విడదీసి ఆడితే సరే. చేతుల్లో పట్టుకుని ఆడేటప్పుడు కన్సోల్ మొత్తాన్ని కుదపాలి, అంటే గురి చూడాల్సిన తెరనే కుదపాలి. అంత ప్రేమగా చేసిన ఆటలో ఆ రెండు పనులకు రెండు బటన్లు దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు.

మోషన్ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఆంధ్రా, తెలంగాణల్లో ఏ కాలేజీ హాస్టల్‌కు వెళ్లినా ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకీల ఆట ఆడే పిల్లలు కనిపిస్తారు. 'జైరో ఆన్‌లో పెట్టావా, స్కోప్‌లో మాత్రమేనా' అని ఒకరినొకరు అడుగుతుంటారు. తుపాకీ కాలుస్తుంటే పైకి లేచిపోయే గురిని ఫోన్‌ను రవ్వంత వంచి కిందికి లాగి పట్టుకుంటారు. రెడ్ డాట్‌కు ఒక సెన్సిటివిటీ, నాలుగింతల స్కోప్‌కు ఇంకోటి, ఆరింతలకు మరోటి, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు గంటలు కూర్చుని సరిచేసుకుంటారు. బొటనవేలు పెద్ద మలుపులు తిప్పుతుంది, జైరో చిన్న సవరింపులు చేస్తుంది. ఊపడం లేదు, విదిలించడం లేదు. చేయి ఎంత వంగితే గురి అంత కదులుతుంది. కావాలంటే ఆన్ చేసుకోవచ్చు, స్కోప్ పెట్టినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకోవచ్చు, వద్దంటే పూర్తిగా ఆపేయొచ్చు. జైరో సెన్సర్ లేని చవక ఫోన్ ఉన్నవాడూ అదే మ్యాచ్‌లో ఆడొచ్చు. వీళ్లకు మోషన్ కంట్రోల్స్ మీద ఎవరూ క్లాసులు చెప్పలేదు. పనికొచ్చింది కాబట్టి వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు.

నింటెండోకు కూడా ఈ విద్య బాగా తెలుసు. 2015 నుంచి వస్తున్న స్ప్లాటూన్ అనే షూటింగ్ ఆటలో గురి జైరోతో, పక్కలకు పెద్దగా తిరగడం స్టిక్‌తో. గురి పక్కకు జరిగిందనిపిస్తే ఒక్క బటన్ నొక్కగానే మధ్యకు వస్తుంది. నచ్చకపోతే సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. నాకు తెలిసిన స్ప్లాటూన్ ఆటగాళ్లలో జైరో అలవాటయ్యాక మళ్లీ ఉత్త స్టిక్‌కు వెళ్లినవాళ్లు లేరు. కొలిచే మోషన్‌కు, అదీ ఆటగాడు ఇష్టపడి ఎంచుకున్నప్పుడు, ఇంత బలం ఉంటుంది.

మరి బటన్ దారి ఇవ్వడం కష్టమా అంటే, కాదని మీరే చూపించారు. విదిలిస్తేనే దొర్లిన డాంకీ కాంగ్, 2013లో 3డీఎస్‌కు వచ్చేసరికి బటన్‌తో దొర్లాడు. సూపర్ మారియో గెలాక్సీలో రిమోట్ ఊపితే వచ్చే సుడి తిరుగుడు 2020లో స్విచ్ మీద బటన్‌కు వచ్చింది. చివరికి, మోషన్ లేకుండా ఊహించలేమనుకున్న స్కైవర్డ్ స్వోర్డే 2021 జులైలో కుడి స్టిక్‌తో కత్తి తిప్పే పద్ధతితో మళ్లీ వచ్చింది. ఎటు తోస్తే అటు దెబ్బ. డెకూ బాబాల నోళ్లు అలాగే ఉన్నాయి, గిరాహిమ్ వేళ్లు అలాగే ఉన్నాయి, అంతకు పదేళ్ల ముందు మీరు కలగన్న పోరాటం ఏమాత్రం చెడలేదు. ఆ పద్ధతి బాగా కుదిరింది కూడా. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది: కుడి స్టిక్ కత్తికి పోవడంతో కెమెరా తిప్పడానికి ఇంకో బటన్ పట్టుకుని ఉండాల్సి వచ్చింది. ఆ ఆటను మొదటి నుంచే రెండు దారులకూ ఆలోచించి ఉంటే ఈ సర్దుబాటు అవసరమయ్యేది కాదు. బటన్ దారిని చివర్లో అతికిస్తే ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది.

అందుకే నేను అడిగేది ఆట పుట్టే రోజుల్లోనే మొదలవ్వాలి. కొట్టడం, కాచుకోవడం, తప్పుకోవడం, దూకడం లాంటి ప్రాణం మీది పనుల్లో ఏ ఒక్కటీ ఊపితేనే జరిగేలా పెట్టకండి. ఊపే పద్ధతి ఉంచాలనుకుంటే ఉంచండి, దాని పక్కనే ఒక బటన్ ఉంచండి, ఆ రెంటిలో ఏది వాడినా ఒకే దెబ్బ, ఒకే బలం, ఒకే సమయంలో రావాలి. మోషన్ వాడినవాళ్లకు మాత్రమే దొరికే దెబ్బ ఏదీ ఉండకూడదు. జైరోతో గురిపెట్టడాన్ని మాత్రం ప్రతి ఆటలోనూ పెట్టండి, సెన్సిటివిటీ మా చేతికి వదిలేయండి, గురిని మధ్యకు తెచ్చే బటన్ ఏదో మమ్మల్నే ఎంచుకోనివ్వండి, దాన్ని ఆపేసే వీలు సెట్టింగ్స్ మొదటి పేజీలోనే కనబడనివ్వండి. ఆట అమ్మేటప్పుడు పెట్టె మీద, స్టోర్ పేజీలో, ఇందులో మోషన్ తప్పనిసరా కాదా అన్నది స్పష్టంగా రాయండి. అయిదారు వేలు పెట్టి కొనే ఆటలో ఆ సంగతి ఇంటికి తెచ్చాక తెలియడం న్యాయం కాదు.

టెస్టింగ్ చేసేటప్పుడు ఇంకో పని చేయండి. హెవీ ఆర్మర్, లేర్ లాంటి ఆటలు విడుదలయ్యాక బయటపడ్డ లోపాలు ఒక్క వారం బయటివాళ్ల చేత ఆడిస్తే ముందే తెలిసేవని నేను నమ్ముతున్నాను. ఆ గదిలోకి మణికట్టు నొప్పి ఉన్నవాళ్లను, అరవై దాటినవాళ్లను, ఒక చేత్తో ఆడేవాళ్లను పిలవండి. సోఫాలో ఒరిగి కూర్చుని ఆడమనండి, ఇరుకు గదిలో ఆడమనండి. వాళ్లు బాస్ దగ్గర చచ్చిపోయిన ప్రతిసారీ 'ఎందుకు పోయారో చెప్పగలరా' అని అడగండి. 'నేను ఒకటి చేస్తే అది ఇంకోటి చేసింది' అన్న జవాబు వచ్చిన ప్రతి చోటా ఆ పనిని బటన్‌కు మార్చండి.

ఇట్లు,
యాక్షన్ గేమ్స్‌ని ప్రేమించే ఒక తెలుగు ఆటగాడు